ఎస్‌ఎస్‌బీకి యుద్ధ సినిమాలు పనికొస్తాయా? బెంగళూరులో నా ప్రిపరేషన్

మనలో చాలామందికి ఆర్మీ మీద మోజు పుట్టింది సినిమా హాల్లోనే. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చిక్కల్లా ఆ సినిమాను బుర్రలో పెట్టుకుని సెలక్షన్ సెంటర్ గేటు దాకా వెళ్లినప్పుడే వస్తుంది. ఆర్మీ ఆఫీసర్ ఎంపికలో ముందు సీడీఎస్ అనే రాత పరీక్ష, అది పాసయ్యాక సెలక్షన్ సెంటర్‌లో ఎస్‌ఎస్‌బీ టెస్టులు, ఇంటర్వ్యూ ఉంటాయి. సీడీఎస్ రిటన్ గురించి ఇక్కడ పెద్దగా రాయను. ఓటీఏకైతే (షార్ట్ సర్వీస్ ఆఫీసర్ల ట్రైనింగ్ అకాడమీ) ఇంగ్లిష్, జీకే రెండే పేపర్లు, ఐఎంఏకి (డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ) లెక్కలు అదనం. పాత పేపర్లు శ్రద్ధగా తిరగేస్తే దారి తెలిసిపోతుంది. ఎస్‌ఎస్‌బీకి మాత్రం కోచింగ్ మెటీరియల్ కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది రిటైరైన ఫౌజీల పక్కన కూర్చుని యుద్ధ సినిమాలు చూడటం.

బెంగళూరులో ఉన్నవాళ్లకు ఈ సౌకర్యం ఉంది. అల్సూరు చెరువు దగ్గర మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, కబ్బన్ రోడ్డులో మానెక్‌షా పరేడ్ గ్రౌండ్, జాలహళ్లి వైపు ఎయిర్‌ఫోర్స్. సర్వీసు అయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్న వాళ్లు ప్రతి పేటలోనూ ఉంటారు. మారతహళ్లిలో మా పీజీకి దగ్గరున్న టెక్ పార్కులో సెక్యూరిటీ చూసుకునే సుబేదార్ గారు నాకు అలాగే పరిచయం. శ్రీకాకుళం వైపు మనిషి. డ్యూటీ దిగాక టీ కొట్టు దగ్గర నా ఫోన్‌లో ఏదో ఒక యుద్ధం సీను పెట్టేవాణ్ణి. ఆయన రెండు నిమిషాలు కూడా సాఫీగా చూడనిచ్చేవారు కాదు.

"ఆపు బాబూ, ఆపు. వీళ్లేంటి, పెళ్లికి వెళ్తున్నట్టు గుంపుగా నడుస్తున్నారు? ఒక్క బరస్టు చాలు, అందరూ పోతారు." మళ్లీ ప్లే. మళ్లీ ఆపు. హీరో హెల్మెట్ పట్టీ గడ్డం కింద వేలాడుతోంది. గ్రెనేడ్ పేలితే పెట్రోల్ బంకు అంటుకున్నంత మంట. "అంత మంట ఎక్కడిదయ్యా? దుమ్ము లేస్తుంది, పెంకులు ఎగురుతాయి, చెవులు గింగిరాలెత్తుతాయి, అంతే." నెత్తిన టోపీ లేకుండా సెల్యూట్ కొట్టే ఆఫీసర్ని చూస్తే ఆయనకు ఒళ్లు మండిపోయేది. మన ఆర్మీలో టోపీ లేనప్పుడు సావధాన్‌లో నిలబడతారే తప్ప చెయ్యి ఎత్తరు. ఇక కాల్పుల మధ్యలో అరుచుకుంటూ డైలాగులు చెప్పే సీన్లయితే సరేసరి.

కానీ ఇవన్నీ చిన్న తప్పులే అనేవారాయన. అసలు లోటు మరొకటి: సినిమాలో ఎవరూ ఎదురుచూడరు. ఫౌజీ జీవితంలో ఎక్కువ భాగం కాపలా, తవ్వకం, బరువులు మోయడం, ఆయుధం శుభ్రం చేసుకోవడం, సెలవు కోసం రోజులు లెక్కపెట్టుకోవడం. మంచు పోస్టుల్లో పనిచేసిన మనిషి. "నేను తుపాకీ పట్టింది తక్కువ, పార పట్టింది ఎక్కువ" అన్నారొకసారి. సియాచిన్‌లో తూటాల కంటే చలి, మంచుపెళ్లలే ఎక్కువ మందిని తీసుకెళ్లాయి. 2016 ఫిబ్రవరిలో సోనమ్ పోస్టు మీద మంచు విరుచుకుపడి 19 మద్రాస్ బెటాలియన్ వాళ్లు 10 మంది చనిపోయారు. అందులో మన కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నాడు. అక్కడ హీరో తన్నడానికి విలన్ లేడు. అందుకే కాబోలు, ఇలాంటివాటి మీద మనవాళ్లు సినిమాలు తీయరు.

ఇతర దేశాల మాజీ సైనికుల మాటలూ చాలావరకు ఇదే దారిలో ఉన్నాయి. 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని ఒమాహా బీచ్‌లో దిగిన దృశ్యంతో కథలోకి వెళ్లే 'సేవింగ్ ప్రైవేట్ రయాన్' 1998లో వచ్చినప్పుడు, ఆ ఘట్టం చూసి తట్టుకోలేకపోయిన రెండో ప్రపంచ యుద్ధ వీరుల కోసం అమెరికా ప్రభుత్వ విభాగం ఫోన్ లైన్ ఏర్పాటు చేయాల్సి వచ్చింది. నటులను ముందుగా బురదలో పొర్లించి ట్రైనింగ్ ఇచ్చింది మాజీ మెరీన్ కెప్టెన్ డేల్ డై. దానికి పూర్తి విరుద్ధంగా, 2010లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కొట్టిన 'ది హర్ట్ లాకర్' మీద ఇరాక్‌లో పనిచేసిన వాళ్లు చాలామంది విరుచుకుపడ్డారు. బాంబులు తీసే టీమ్ తోడు లేకుండా ఒక్క బండిలో తిరగడమేంటి, సార్జెంట్ రాత్రిపూట ఒంటరిగా ఊళ్లోకి వెళ్లడమేంటి అని. అవార్డు ఇచ్చిన వాళ్లకు నచ్చిన ఆ తెంపరితనమే యూనిట్లో పక్కవాడి ప్రాణం తీస్తుందని వాళ్ల కోపం. ఈ విషయంలో నేను ఫౌజీల పక్షమే.

మన దగ్గర 'బోర్డర్' (1997) సంగతి చూడండి. సినిమాలో కంపెనీలో చాలామంది నేలకొరుగుతారు. ఆ కథకు ఆధారమైన పోరులో, 1971 డిసెంబర్ 4 రాత్రి రాజస్థాన్ సరిహద్దు పోస్టు లోంగేవాలాలో మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి దగ్గర ఉన్నది సుమారు 120 మంది, ప్రాణాలు పోయింది ఇద్దరికి. నాకైతే నిజం కథే గొప్పగా అనిపిస్తుంది. ఆదరాబాదరాగా వేసిన ఒక ముళ్లతీగ ఎదురైతే, అక్కడ మైన్లు ఉన్నాయేమోనని శత్రువు ఆగిపోయాడు. సాపర్లను (మైన్లు వెతికి తీసే సైనికులను) పిలిపించి వెతికించేసరికి దాదాపు రెండు గంటలు గడిచిపోయాయి. చీకట్లో ఎగరలేని హంటర్ విమానాలు జైసల్మేర్ నుంచి తెల్లారాక వచ్చేదాకా నిలబడటమే ఆ రాత్రి అసలు పని.

ఇప్పుడు ఎస్‌ఎస్‌బీకి వద్దాం. పీపీడీటీలో (బొమ్మ చూసి కథ రాసి, చర్చించే టెస్టు) మసక బొమ్మను 30 సెకన్లు చూపించి, కథ రాయడానికి 4 నిమిషాలు ఇస్తారు. బొమ్మలో నలుగురు మనుషులు కనిపిస్తే చాలు, మనవాడు అందులో ఒకణ్ణి టెర్రరిస్టును చేసేస్తాడు, హీరో ఒంటిచేత్తో పట్టేస్తాడు. టీఏటీలోనూ (అదీ బొమ్మలకు కథలు రాసే టెస్టే) అదే వరస. సైకాలజిస్టు రోజూ అలాంటివి ఎన్ని చదువుతుంటారో పాపం! సుబేదార్ గారితో తిరిగాక నా కథల్లో వరదొచ్చిన ఊరు, ఆగిపోయిన బస్సు, కాలేజీ ఫెస్ట్‌కి తక్కువపడిన డబ్బు వచ్చాయి. హీరో ఎవరికి ఫోన్ చేశాడు, ఎవరికి ఏ పని అప్పగించాడు అన్నది రాసేవాణ్ణి. ఎస్‌ఆర్‌టీలో 30 నిమిషాల్లో 60 పరిస్థితులకు జవాబు రాయాలి కాబట్టి అక్కడ ఈ అలవాటు ఇంకా అవసరం.

గ్రౌండ్‌లోనూ అంతే. పీజీటీలో (గ్రూపంతా కలిసి అడ్డంకులు దాటే టెస్టు) ఫట్టా (పలక), బల్లీ (దుంగ), రస్సీ (తాడు) ముందేసుకుని ఆలోచిస్తుంటే, కండలున్న కుర్రాడొకడు సినిమా కెప్టెన్ లెక్కన "ఫాలో మీ" అని దూకాడు. పలక మాత్రం వెనకే ఉండిపోయింది. ఎవరు ఏది మోస్తున్నారో చూసుకున్న అమ్మాయి చెప్పిన ఐడియాతోనే చివరికి గ్రూపు దాటింది.

లెక్చరెట్‌కి (ఇచ్చిన టాపిక్ మీద గ్రూపు ముందు మాట్లాడే టెస్టు) 'సినిమాల్లో సైన్యం' లాంటి టాపిక్ వస్తే పైన చెప్పినవి మూడు నిమిషాలకు సరిపోతాయి. వీటికి 2020 సంగతులు కలపండి. కార్గిల్ యుద్ధంలో హెలికాప్టర్ నడిపిన మహిళా పైలట్ కథ 'గుంజన్ సక్సేనా'లో తమను తప్పుగా చూపించారని ఎయిర్‌ఫోర్స్ సెన్సార్ బోర్డుకు లేఖ రాసింది. కార్గిల్‌లో ఆమెతోపాటు పనిచేసిన మరో మహిళా పైలట్ కూడా అభ్యంతరం చెప్పారు. సైన్యం మీద సినిమా తీస్తే ముందు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలని రక్షణ శాఖ సూచించిందీ ఆ ఏడాదే. అలా చేస్తే తప్పులు తగ్గుతాయి గానీ విమర్శ కూడా తగ్గిపోతుందేమో అన్న రెండో వైపు కూడా చెప్పండి.

ఇంటర్వ్యూలో నన్ను ఇష్టమైన యుద్ధ సినిమా అడిగారు. చెప్పగానే అందులో తప్పేంటన్నారు. లోంగేవాలా లెక్క చెప్పాను. "మరి సెక్షన్‌లో ఎంతమంది ఉంటారు?" అన్నారు వెంటనే. సెక్షన్ అంటే పదాతి దళంలో చిన్న జట్టు. పది మంది, హవల్దార్ కమాండర్ అన్నాను. ఇది గైడులో చదివి చెప్పింది కాదు. సినిమాలో గుంపును లెక్కపెట్టమని సుబేదార్ గారు ప్రతిసారీ అడిగేవారు.

రికమెండ్ అయ్యాను, మెడికల్స్ కూడా అయిపోయాయి, మెరిట్ లిస్ట్ రావాలి. ఆదివారాలు పొద్దున్నే కబ్బన్ పార్కులో గ్రూప్ డిస్కషన్, లెక్చరెట్ ప్రాక్టీసు చేస్తున్నాం. తెలుగువాళ్లు ఎవరైనా రావచ్చు. అక్కడ మాత్రం మాట్లాడేది ఇంగ్లిష్‌లోనే. తెలుగులోకి జారినవాళ్లు ఆ రోజు అందరికీ టీ చెప్పాలి.