ఆకారాల కథల్లో స్నేహం ఎక్కడి నుంచి రావాలి

చిన్నపిల్లలకు ఆకారాలను, స్నేహాన్ని ఒకే కథలో కలిపి చెప్పే బొమ్మల పుస్తకాలు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అరుగు మీదకు సాయంత్రాలు వచ్చే పిల్లలకు వాటిని చదివి వినిపిస్తూ ఉంటాను కనుక, వాటిలో ఏవి మళ్లీ మళ్లీ అడిగించుకుంటాయో, ఏవి మొదటి రోజుకే మూలపడతాయో దగ్గరగా చూస్తున్నాను. ఒక పుస్తకాన్ని కొనే ముందు నేను చేసే పరీక్ష ఒక్కటే. కథలోని చతురస్రాన్ని తీసేసి కుందేలునూ, వృత్తాన్ని తీసేసి తాబేలునూ పెట్టినా కథ ఏమీ మారకపోతే, ఆ పుస్తకంలో ఆకారం ఉత్త వేషం మాత్రమే.

వృత్తం దొర్లుతుంది, కానీ వాలులో తనంతట తాను ఆగలేదు. చతురస్రం పెట్టినచోట కదలకుండా ఉంటుంది, కానీ పరుగుపందెంలో పాల్గొనలేదు. త్రిభుజం అడుగు మీద నిలుస్తుంది, మొన మీద నిలవదు. దొర్లిపోతున్న వృత్తానికి చతురస్రం అడ్డుగా నిలబడినా, చతురస్రం ఊరు దాటవలసి వచ్చినప్పుడు వృత్తాలు దాని కింద చేరి చక్రాలైనా, ఆ సాయం వాటి స్వభావం నుంచే పుడుతుంది కాబట్టి, విడిగా నీతి చెప్పవలసిన అవసరం ఉండదు. తోటివాళ్లు ఆటకు రానివ్వలేదని చతురస్రం తన మూలలు కత్తిరించుకుని గుండ్రంగా మారే కథలు నాకు అసలు నచ్చవు. మూలలు పోయాక అది చతురస్రమే కాదు. అందులో గణితమూ తప్పే, స్నేహమూ తప్పే. పైగా మూడు నాలుగేళ్ల పిల్లలకు స్నేహితుడంటే ఇప్పుడు తమతో ఆడుతున్నవాడే. త్యాగాలూ, చిరకాల బంధాలూ వాళ్లకు అందవు. బంతి పంచుకోవడం, వంతు కోసం ఆగడం అందుతాయి.

బొమ్మల విషయంలో ఇంకొక లోపం తరచుగా కనిపిస్తుంది. త్రిభుజం ఎప్పుడూ మూడు భుజాలూ సమానంగా, మొన పైకి ఉండేట్టే గీస్తారు. పిల్లలు మొదట ఆకారాన్ని మొత్తంగా, అలవాటైన రూపంగా మాత్రమే గుర్తిస్తారనీ, భుజాలనూ మూలలనూ లెక్కలోకి తీసుకోవడం తరువాతి మెట్టు అనీ డచ్ ఉపాధ్యాయులైన వాన్ హీలే దంపతులు 1957లోనే వివరించారు. చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి చూపిస్తే మా అరుగు మీది పిల్లలు గాలిపటం అంటారు. అందువల్ల కథలో ఆకారాలు బోర్లా పడాలి, పక్కకు ఒరగాలి, సన్నగా పొడుగ్గా కూడా కనిపించాలి. తలకిందులైన త్రిభుజాన్ని దాని స్నేహితులు గుర్తుపట్టే పేజీ ఒక్కటి ఉన్నా చాలు.

మా ప్రాంతంలో ఆకారాల కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. జగన్నాథుడి కళ్లు గుండ్రంగానూ, బలభద్ర సుభద్రల కళ్లు కోలగానూ ఉంటాయన్నది రథయాత్ర చూసిన ప్రతి పిల్లకూ తెలుసు. ఒడిశాలో గంజప ఆటకు వాడే, చేత్తో చిత్రించిన పేకముక్కలు కూడా గుండ్రనివే. కొండల మీది సవర గిరిజనుల గోడ చిత్రాల్లో మనుషుల ఒళ్లు దాదాపు త్రిభుజాలుగా ఉంటాయి, అవి వరుసగా చేతులు పట్టుకుని నాట్యమాడుతూ ఉంటాయి. ఆకారాలూ స్నేహమూ కలిసిన బొమ్మ ఇంతకంటే ఏం కావాలి? అయినా వీటిని తీసుకుని పసిపిల్లలకు రాసిన తెలుగు పుస్తకం ఒక్కటీ నా చేతికి రాలేదు.

ఇక భాష సంగతి. మా వీధిలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఎక్కువమంది ఒడియాలోనే చదువుతారు, ఆటలో రెండు భాషలూ కలిసే ఉంటాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉంటూ సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేశారు. ఆ ఊరివాళ్లం అయ్యుండి ఇంటిభాష పుస్తకం పిల్లలకు అందించకపోవడం బాగుండదు. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో బొమ్మల కథలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవడానికి అనుమతి కూడా ఉంది. నేను రెండు భాషల్లోనూ ఉన్న కథనే ఎంచుకుని, ఒకే బొమ్మకు ఎడమవైపు తెలుగు వాక్యం, కుడివైపు ఒడియా వాక్యం వచ్చేలా అతికించి, మందపాటి అట్ట మీద కుట్టిస్తున్నాను. పేజీకి రెండు వాక్యాలకు మించిన కథలను మాత్రం ఈ పనికి తీసుకోవడం లేదు, ఎందుకంటే రెండు లిపులూ చేరాక బొమ్మకు చోటు మిగలదు.