అక్టోబర్ 7 సరే, మరి డిసెంబర్ సంగతేంటి?

శనివారం. పొద్దున బట్టలు ఉతుక్కోవడం, ఇల్లు సర్దుకోవడం అయ్యాక మధ్యాహ్నం అక్క వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. అన్నం వడ్డిస్తుండగానే బావగారికీ వాళ్ళబ్బాయికీ మొదలైపోయింది. వాడికి ఈ సెమిస్టర్‌లో ఒక పేపర్ రాయాలట, 2001 అక్టోబర్‌లో అమెరికా అఫ్గానిస్తాన్ మీదికి సైన్యాన్ని పంపడం న్యాయమా, కాదా అని. న్యాయం కాదని వాడు ముందే తేల్చేసుకున్నాడు. బావగారు ఇరవై ఏళ్ళ కిందటే న్యాయమని తేల్చేసుకున్నారు. మధ్యలో నేను.

బావగారి కోపం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. 2001 సెప్టెంబర్ 11న ఆయన న్యూయార్క్‌కి ఎదురుగా జెర్సీ సిటీలో, హడ్సన్ నది ఒడ్డునే ఉన్న ఆఫీసులో ఉన్నారు. రెండో విమానం వచ్చి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌ని గుద్దడం కిటికీలోంచి కళ్ళారా చూశారు. ఆ తర్వాత మాన్‌హట్టన్ నుంచి పడవల్లో ఒళ్ళంతా దుమ్ముతో దిగుతున్నవాళ్ళకి నీళ్ళ సీసాలు అందించారట. ఆయనతో కలిసి పనిచేసిన ఒకతను ఆ పొద్దున మీటింగ్ కోసం నార్త్ టవర్‌కి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇదంతా ఆయన గొంతు పెంచకుండానే చెప్తారు, ఎప్పుడూ అదే వరసలో చెప్తారు. చివర్లో మాత్రం "మనింటి మీదికొచ్చి దాదాపు మూడువేల మందిని చంపితే ఏం చెయ్యాలి, ఉత్తరం రాయాలా?" అని అడుగుతారు. ఆ మాట వచ్చాక అక్క ఏమీ అనదు, నేనూ అనను.

ఈసారి వాడు ఊరుకోలేదు. "డాడీ, విమానాలు హైజాక్ చేసిన ఆ 19 మందిలో ఒక్కడైనా అఫ్గాన్ ఉన్నాడా? 15 మంది సౌదీ వాళ్ళు. ప్లాన్‌లో ముఖ్యులు హాంబర్గ్‌లో ఉండేవాళ్ళు. విమానం నడపడం నేర్చుకున్నది ఫ్లోరిడాలో. మరి బాంబులు కాబూల్ మీద ఎందుకు?" అన్నాడు. బావగారు కంచం ముందు నుంచి లేవబోయారు. అక్క కూర్చోబెట్టింది. ఇద్దరూ నా వైపు తిరిగారు.

అక్కడ నాకు తోచింది చెప్పేశాను, రాత్రి కూర్చుని మళ్ళీ ఆలోచించాక కూడా నా మాట మారలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

వాడన్న 15 మంది సౌదీల మాట నిజమే, కాని దాంతో కేసు నిలబడదు. చంపినవాడు ఏ దేశంలో పుట్టాడన్నది కాదు కదా ప్రశ్న, వాడిని పంపినవాళ్ళు ఎక్కడ కూర్చుని, ఎవరి అండతో పంపారన్నది ప్రశ్న. 1996 నుంచీ ఆ దాడి చేయించిన అల్‌ఖైదా నాయకుడు బిన్ లాడెన్ అఫ్గానిస్తాన్‌లోనే ఉన్నాడు, శిక్షణ శిబిరాలు అక్కడే నడిపాడు. 1998 ఆగస్టులో నైరోబీలో, దార్ ఎస్ సలామ్‌లో అమెరికా ఎంబసీల మీద బాంబులు పేలి 224 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మామూలు ఆఫ్రికా జనం. 1999 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1267 తీర్మానంతో బిన్ లాడెన్‌ని అప్పగించమని అప్పట్లో ఆ దేశాన్ని ఏలుతున్న తాలిబన్లకి చెప్పింది, ఆంక్షలు పెట్టింది. 2000లో యెమెన్‌లోని ఆడెన్ రేవులో కోల్ అనే అమెరికా యుద్ధనౌక మీద దాడి, 17 మంది నావికులు పోయారు. అంటే సెప్టెంబర్ 11 నాటికి తాలిబన్లకి తమ దగ్గర ఎవరున్నాడో, ఏం చేస్తున్నాడో తెలియదనడానికి లేదు. రెండేళ్ళ ముందే లోకమంతా అడిగింది, వాళ్ళు ఇవ్వలేదు.

దీనికి వాడు ఇచ్చిన జవాబు బాగుంది, అది కూడా రాయాలి. సెప్టెంబర్ 12న వచ్చిన 1368 తీర్మానం ఆత్మరక్షణ హక్కుని గుర్తించింది తప్ప ఫలానా దేశం మీద యుద్ధానికి వెళ్ళమని ఎక్కడా చెప్పలేదు అన్నాడు. నిజమే, చెప్పలేదు. తాలిబన్లు సాక్ష్యం చూపించమన్నారు, అక్టోబర్ మధ్యలో బాంబులు ఆపితే బిన్ లాడెన్‌ని వేరే దేశానికి అప్పగించే మాట మాట్లాడదామన్నారు, అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ వినలేదు అన్నాడు. అదీ నిజమే. కాని ఆత్మరక్షణకి మండలి విడిగా అనుమతి ఇవ్వక్కర్లేదు, ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో 51వ అధికరణం ఉన్నదే అందుకు. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో, ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అనే తన 5వ అధికరణాన్ని చరిత్రలో ఒక్కసారే వాడింది, అది ఈ దాడి తర్వాతే. ఇక ఆ చివరి నిమిషం ప్రతిపాదన సంగతి, రెండేళ్ళు అడిగితే ఇవ్వనివాళ్ళు బాంబులు పడ్డాక మూడో దేశం అంటే నమ్మకపోవడంలో నాకు తప్పు కనిపించదు. శిబిరాలు అలాగే ఉన్నాయి, మనుషులు అక్కడే ఉన్నారు, మళ్ళీ చేస్తామని వాళ్ళే చెప్తున్నారు. 2001 అక్టోబర్ 7న మొదలుపెట్టిన దాడి న్యాయమే అని నేను అనుకుంటున్నాను. ఆ బాంబుల కింద ఏ పాపమూ తెలియని పల్లెల వాళ్ళు చనిపోయారని తెలిసే అంటున్నాను. ఈ వాక్యం రాయడం తేలిక కాదు, చదివేవాళ్ళకి కూడా తేలిగ్గా ఉండకూడదు.

బావగారు "చూశావా!" అన్నారు కొడుకుతో. అప్పుడు ఆయన వైపు తిరిగి అసలు అడగాలనుకున్నది అడిగాను. అక్టోబర్ 7 సరే బావగారూ, మరి డిసెంబర్ సంగతేంటి?

ఈ చర్చలో డిసెంబర్ 2001 ఎవరి నోటా రాదు. నవంబర్ 13కి కాబూల్ తాలిబన్ల చేతిలోంచి పోయింది. డిసెంబర్ 5న జర్మనీలో బాన్ దగ్గర ఒప్పందం కుదిరి హమీద్ కర్జాయ్ తాత్కాలిక ప్రభుత్వానికి పెద్ద అయ్యాడు. తాలిబన్లలో ఏ వర్గాన్నీ ఆ సమావేశానికి పిలవలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాందహార్ దగ్గర తాలిబన్ పెద్దలు కర్జాయ్‌తో మాట్లాడి, ఊరు అప్పగించేస్తాం, ఆయుధాలు దించేస్తాం, తమ నాయకుడు ముల్లా ఒమర్‌ని మాత్రం పరువుగా బతకనివ్వండి అన్నారు. డిసెంబర్ 6న అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ అలాంటి ఏర్పాటు తమకి కుదరదని విలేఖరుల ముందే చెప్పేశాడు. ఒమర్ మనసులో నిజంగా ఏముందో, ఆ మాట మీద నిలబడేవాడో కాదో అని చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. కాని పరీక్షించి చూసే అవకాశం ఒకటి చేతిలోకి వచ్చింది, తలుపు వేసేశారు. ఆయుధాలు వదిలి ఊళ్ళకి పోయిన తాలిబన్లలో చాలామందిని, అమెరికాతో చేతులు కలిపిన స్థానిక కమాండర్లు వెతికి పట్టుకుని, కొట్టి, డబ్బు గుంజి, జైళ్ళకి పంపారు. మిగిలినవాళ్ళు సరిహద్దు దాటి పాకిస్తాన్‌లో మళ్ళీ కూడారు. అదే నెలలో తోరాబోరా కొండల్లోంచి బిన్ లాడెన్ తప్పించుకున్నాడు, అతన్ని పట్టుకోవడానికి అక్కడ అమెరికా సైనికులు సరిపడా లేరు. ఎవరికోసం వచ్చారో వాడు జారిపోయాడు, ఓడిపోయామని ఒప్పుకుంటున్నవాళ్ళని మాత్రం ఒప్పుకోనివ్వలేదు.

నాకు బాధంతా ఇక్కడే. యుద్ధానికి వెళ్ళే ముందు న్యాయమా కాదా అని ఒక్కసారి అడిగేసి, ఔననిపించుకుని, ఇక ఆ ఔనుతోనే ఇరవై ఏళ్ళు గడిపేశారు. అల్‌ఖైదాని చెదరగొట్టడానికి వెళ్ళారు, అది సరే. తర్వాత తాలిబన్ అన్న పేరున్న ప్రతివాడినీ తుడిచేయడం, తర్వాత దేశం కట్టడం, తర్వాత నల్లమందు సాగు ఆపించడం. ఒక్కొక్క దానికి మళ్ళీ మొదటినుంచీ అడగాలి కదా, ఇది న్యాయమేనా, దీనికి ఇన్ని ప్రాణాలు పెట్టొచ్చా అని. బిన్ లాడెన్‌ని 2011 మే 2న చంపింది అఫ్గానిస్తాన్‌లో కూడా కాదు, పాకిస్తాన్‌లో అబోటాబాద్‌లో. ఆ తర్వాత కూడా పదేళ్ళు!

ఇరాక్ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అక్కడ నాకు ఏ ఊగిసలాటా లేదు. 2003 మార్చిలో దాడి చేసిన దేశానికి సెప్టెంబర్ 11తో సంబంధం లేదు. ఇరాక్‌కీ అల్‌ఖైదాకీ కలిసి దాడులు చేసేంత సంబంధం ఏదీ కనబడలేదని ఆ దాడుల మీద అమెరికా వాళ్ళు వేసుకున్న కమిషనే 2004లో రాసింది. ఇరాక్ దగ్గర ఉన్నాయన్న సామూహిక విధ్వంస ఆయుధాలు దొరకలేదు. ఆ ఆయుధాల తనిఖీలకి ఐక్యరాజ్యసమితి తరఫున వెళ్ళిన హాన్స్ బ్లిక్స్ బృందం ఇంకొంత గడువు అడుగుతుంటే ఆగలేదు. 2003 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ చేయించిన సర్వేలో పదిమందిలో దాదాపు ఏడుగురు సెప్టెంబర్ 11 దాడుల్లో ఇరాక్‌ని ఏలిన సద్దాం చేయి ఉండి ఉంటుందనే చెప్పారు. ఒక నిజమైన దుఃఖాన్ని తీసుకెళ్ళి ఇంకొకడి మీద మోపారు, దానికి నేను ఎప్పటికీ ఒప్పుకోను. బావగారు కూడా ఇరాక్ మాటెత్తితే ఇప్పుడు వాదించరు, తల పంకించి ఊరుకుంటారు. మరి ఆ రెండు యుద్ధాలకీ పనికొచ్చింది ఒకే కోపం కదా అని వాడు అడిగితే మాత్రం ఆయనకి నచ్చలేదు.

భోజనాల తర్వాత వాడు ఫోన్‌లో 2001 సెప్టెంబర్ 14 నాటి ఓటింగ్ చూపించాడు. సైన్యాన్ని వాడడానికి అధ్యక్షుడికి అధికారమిచ్చే తీర్మానం, సెనేట్‌లో 98-0, ప్రతినిధుల సభలో 420-1. ఆ ఒక్క ఓటు కాలిఫోర్నియా నుంచి వచ్చిన బార్బరా లీది. అసలు విషయం అరవై మాటల్లో ఉంది, అందులో దేశం పేరు లేదు, గడువు లేదు. దాన్నే పట్టుకుని తర్వాతి అధ్యక్షులు యెమెన్, సోమాలియా, సిరియా దాకా వెళ్ళారు, అది ఇప్పటికీ రద్దు కాలేదు. ఆవిడ ఆ రోజు వణుకుతున్న గొంతుతో కాస్త ఆగి ఆలోచించమంది, దానికే చంపుతామని బెదిరింపులొచ్చాయి. నేను ఆ సభలో ఉంటే ఏ వైపు వెయ్యాలని రాత్రి చాలాసేపు ఆలోచించాను. దాడికి ఒప్పుకుంటాను, కాని ఆ కాగితానికి ఒప్పుకోను. దేశం పేరు రాయండి, రెండేళ్ళు గడువు పెట్టండి, మళ్ళీ వచ్చి అడగండి అనేదాన్ని. అలాంటి కాగితం ఉండి ఉంటే, డిసెంబర్ లాంటి సందర్భాల్లో ఎవరో ఒకరు సభలో లేచి జవాబు చెప్పాల్సి వచ్చేది.

ఇంకో మాట. మా ఆఫీసులో ఒక అఫ్గాన్ ఆవిడ ఉంది, తాలిబన్లు మళ్ళీ వచ్చిన 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయం నుంచి బయటపడి వచ్చింది. అమెరికా సైన్యం వాళ్ళ దేశానికి రావడం వల్లే ఆవిడ బడికి వెళ్ళగలిగింది, యూనివర్సిటీ దాకా చదివింది. ఆవిడ మేనమామది దక్షిణాన ఒక పల్లె, రాత్రిపూట సైనికులు ఇళ్ళ మీద పడి చేసే సోదాల్లో ఒకదానిలో ఆయన చనిపోయాడు. ఆ మధ్య లంచ్‌లో నేను ఇదే ప్రశ్న అడిగితే "మీరంతా అమెరికాకి ఆ హక్కుందా లేదా అని అడుగుతారు, అందులో నేనెక్కడున్నాను?" అంది. కోపంగా అనలేదు. ఇప్పుడు అక్కడ ఆడపిల్లలకి ఆరో తరగతి దాటాక బడి లేదు, 2022 డిసెంబర్ నుంచి యూనివర్సిటీ కూడా లేదు. ఆవిడ చెల్లెలు ఇంట్లో కూర్చుని ఉంది. బ్రౌన్ యూనివర్సిటీ వాళ్ళ లెక్క ప్రకారం 2021 నాటికి హింసలో నేరుగా చనిపోయిన అఫ్గాన్ పౌరులే 46 వేలకు పైగా. చదువుకున్న ఆ అమ్మాయినీ, చనిపోయిన ఆ మేనమామనీ ఒకే ఇంట్లో పెట్టుకుని బతుకుతున్న మనిషి ముందు న్యాయం, అన్యాయం అని ఒక్క మాటలో తేల్చేయడం నా వల్ల కాలేదు. కాని తేల్చకుండా వదిలేస్తే ఇంకోసారి ఇంకో దేశం మీదికి ఇలాగే వెళ్తారు, అందుకే ఈ వాదన నేను మానను.

రాత్రి బావగారు ఫోన్ చేశారు. మామూలుగా శనివారం రాత్రి ఆయన చెయ్యరు. "ఆ డిసెంబర్‌లో వాళ్ళని క్షమించమని నన్నెవరైనా అడిగితే ఒప్పుకునేవాణ్ణి కాదమ్మా, ఇవాళ అడిగినా ఒప్పుకోను" అన్నారు. క్షమించమని నేను అడగట్లేదు బావగారూ, లొంగిపోతానన్నవాణ్ణి లొంగిపోనివ్వమంటున్నాను, ఆ తర్వాత చనిపోయిన రెండువేల మందికి పైగా అమెరికా సైనికుల్లో చాలామంది ఆ డిసెంబర్ నాటికి బడి పిల్లలు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. మీరు చెప్పింది ఆలోచిస్తానని కూడా అనలేదు, ఆయన అలా అనే మనిషి కాదు. ఆదివారం అక్క ఊరగాయ పంపిస్తుందని చెప్పి పెట్టేశారు.

వాడు మెసేజ్ పెట్టాడు, కాందహార్ లొంగుబాటు గురించి ఏం చదవాలి పిన్నీ అని. నా దగ్గరున్నవి పంపాను. అక్టోబర్ 7 కూడా తప్పే అని రాస్తానంటున్నాడు ఇంకా. రాయమన్నాను. కాని 1267 తీర్మానాన్నీ, నైరోబీలో పోయినవాళ్ళనీ పక్కకి నెట్టేసి రాస్తే మాత్రం ఒప్పుకోనని, వాటికి జవాబు చెప్పాకే తప్పు అనమని గట్టిగానే చెప్పాను.