తలుపుకు అడ్డంగా ఒక కుర్చీ

మధ్యాహ్నం మూడున్నరకు మీటింగ్ గదిలో పన్నెండు మందిమి ఆవులింతలు ఆపుకుంటూ కూర్చున్నప్పుడు, గోడ మీది చిన్న మీటరు కార్బన్ డయాక్సైడ్ 1,640 పీపీఎం (అంటే గాలిలోని పది లక్షల భాగాల్లో 1,640) అని చూపిస్తోంది. బయటి గాలిలో అది 420 పైచిలుకే ఉంటుంది. ఏసీ 24 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండడంతో తప్పంతా భోజనానిదే అనుకున్నాం.

మెయింటెనెన్స్ చూసే తమ్ముణ్ణి పిలిస్తే, "సార్, బయటి గాలి వచ్చే దారికున్న మూత, అదే డ్యాంపర్‌ను ఏఐ మూసేస్తోంది, నేను తెరిచినా పది నిమిషాల్లో మళ్లీ మూసేస్తోంది" అన్నాడు.

ఏసీని నడిపే ఆ ఏఐ ప్రోగ్రామును తప్పుపట్టలేకపోయాను. కరెంటు ఖర్చు తగ్గించమన్నాం, తగ్గించింది. మే నెల వేడిగాలిని లోపలికి తెచ్చి చల్లబరచడం కంటే ఉన్న గాలినే తిప్పడం చవక అని అది గ్రహించింది. గదిలో ఊపిరి తీసుకునేవాళ్లున్నారన్న సంగతి దాని లెక్కలోకి రాలేదు, ఎందుకంటే ఆ మీటరును దానికి కలపనే లేదు. (మీటరు కొన్నాం, వైరు లాగడం మరిచాం.)

తాజా గాలికి కనీస హద్దు ఒకటి పెట్టి, దానికన్నా తగ్గించే అధికారం ఏ ప్రోగ్రాముకూ ఇవ్వకూడదనీ, మనిషి చేత్తో మార్చినదాన్ని తిరిగి మనిషే మార్చాలనీ సాయంత్రం మెయిల్ రాశాను. జవాబు ఇంకా రాలేదు.

ప్రస్తుతానికి తలుపు మూసుకోకుండా ఒక కుర్చీ అడ్డం పెట్టాం. మీటరు 900కు దిగింది.