అంతర్వేది దారిలో వేడెక్కిన ఇంజిన్, వేడెక్కని హీటర్

మా గోదావరి జిల్లాల్లో కారు హీటర్‌ని ఎవరూ పట్టించుకోరు. ఏసీ చల్లగా వస్తోందా లేదా అన్నదే అందరికీ కావాలి. హీటర్‌తో పని పడేది పుష్యమాసం తెల్లవారుజామున, మంచుకి అద్దం లోపలంతా మసకేసినప్పుడే. సంక్రాంతి వెళ్లాక బాబాయినీ పిన్నినీ తీసుకుని రాజమండ్రి నుంచి అంతర్వేది బయలుదేరిన రోజు అలాంటి మంచే పట్టింది. ధవళేశ్వరం బ్యారేజీ మీద నాబ్ ఎర్రగీత వైపు పూర్తిగా తిప్పినా చల్లగాలే వచ్చింది. ఏసీ వేస్తే అద్దం తేరుకుంది. ఇంజిన్ వేడి చూపించే ముల్లు మధ్యలోనే ఉంది.

రావులపాలెం, కొత్తపేట దాటి అంబాజీపేటలో ఆగాం. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు కొబ్బరి చట్నీతో తిన్నాక పిన్ని ఇంకో నాలుగు పొట్లం కట్టించింది. అక్కణ్ణుంచి పి.గన్నవరం. అక్కడి డొక్కా సీతమ్మ అక్విడక్టు అంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. కింద వైనతేయ నది, పైన కాలవ. ధవళేశ్వరంలో వదిలిన నీళ్లు నది మీదుగానే నదిని దాటి అవతలి చేలకి వెళ్తాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ సీమ బతుకంతా ఆ పారుదల మీదే.

తాటిపాక ఇంకా కొంత దూరం ఉందనగా ముల్లు పైకి లేచింది. ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్లుగా పెట్టాను. ఇంజిన్ వేడిలో కొంత లోపలికి లాగేయడానికి అది పనికొస్తుంది. కానీ ముల్లు ఎర్రగీత దగ్గరకొచ్చినా చేతికి తగిలింది చల్లగాలే. అప్పుడు నిజంగా టెన్షన్ పట్టుకుంది. వెంటనే పక్కకి ఆపి ఇంజిన్ కట్టేశాను.

బాబాయి తెలిసినవాళ్లకి ఫోన్ చేస్తే ఒక మెకానిక్ బండి మీద వచ్చాడు. ఆయన పద్ధతి నాకెంతో నచ్చింది. రేడియేటర్ మూత జోలికి వెళ్లలేదు. మూత బిగించి ఉంటే లోపల ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, వేడి మీద మూత తీస్తే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి చిమ్ముతాయి. చల్లారేదాకా కూర్చుని, "హీటరొస్తోందా అండీ?" అన్నాడు. ఆయన మొదటి ప్రశ్న అదే. రావట్లేదన్నాను.

"శివారు చేను ఎండిందంటే కాలవలో నీళ్లు తగ్గినట్టేనండి. హీటరూ అంతే, ఆఖర్న ఉంటది."

దీనికన్నా బాగా ఎవరూ చెప్పలేరు. హీటర్‌లో ఉన్నది చిన్న రేడియేటరే. ఇంజిన్‌లో కాగిన నీళ్లు అందులోంచి తిరిగితేనే వేడిగాలి వస్తుంది. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌లోకి వదిలే తలుపు. అది మూసుకుపోయి ఇంజిన్ కాగుతుంటే, చాలా కార్లలో హీటర్‌కి వేరే దారి ఉంటుంది కాబట్టి వేడిగాలి వస్తూనే ఉంటుంది. ఇంజిన్ కాగుతూ హీటర్ చల్లగా ఉందంటే ముందు అనుమానించాల్సింది నీళ్లు తగ్గడం, లోపల గాలి చేరడం, లేకపోతే వాటర్ పంప్ తిప్పకపోవడం.

పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, గీత దాకా ఉంది. అది చూసి చాలామంది నీళ్లున్నాయనుకుంటారు. మూత తీస్తే రేడియేటర్‌లో వేలికి తడి తగల్లేదు. ఎక్కడైనా సందు ఉంటే ఇంజిన్ చల్లారేటప్పుడు డబ్బాలోంచి నీళ్లు లాక్కునే బదులు అక్కణ్ణుంచి గాలి పీల్చుకుంటుంది, డబ్బాలో నీళ్లు డబ్బాలోనే ఉండిపోతాయి. టార్చ్ వేసి వెతికితే, ఇంజిన్ వెనకాల హీటర్‌కి వెళ్లే రబ్బరు పైపు క్లిప్పు దగ్గర గులాబీ రంగు పొడి పెచ్చు కట్టి కనిపించింది. కారిన కూలెంట్ వేడికి అక్కడే ఎండిపోయేది, అందుకే కింద చుక్క పడలేదు.

క్లిప్పు బిగించాడు. ఎదురింటివాళ్లు బోరు నీళ్లు తెస్తే మర్యాదగా వద్దన్నాడు. అక్కడి బోరు ఉప్పన, లోపల తుప్పూ గారా కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తెప్పించి సగం సగం కలిపాడు. ఇక గాలి తీయాలి, అందుకు కారు ముక్కు పైకి ఉండాలి. కోనసీమలో ఎత్తు ఎక్కడిది? కాలవ గట్టు ఎక్కే వాలు ఒక్కటే దొరికింది. అక్కడ పెట్టి, హీటర్ ఫుల్లుగా తిప్పి, మూత తీసే ఉంచి ఇంజిన్ ఆన్ చేశాడు. బుడగలు గుడగుడా వచ్చాయి. పోస్తూనే ఉన్నాడు. థర్మోస్టాట్ తెరుచుకోగానే నీళ్లు గభాలున దిగాయి, మళ్లీ నింపాడు. కాసేపటికి లోపల కూర్చున్న పిన్ని, "ఒరేయ్, వేడి కొడుతోందిరా!" అని అరిచింది. నీళ్లు తిరుగుతున్నాయి, పంప్ బాగానే ఉంది.

హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగానికీ కింది దిమ్మకీ మధ్య ఉండే సీలు, పోయిందేమోనని నా భయం. ఆయిల్ మూత తీసి చూపించాడు, ఆయిల్‌లో కూలెంట్ కలిస్తే కట్టే తెల్లటి మీగడ లేదు. బుడగలు కూడా కాసేపటికి ఆగిపోయాయి. గాస్కెట్ పోతే ఆగకుండా వస్తూనే ఉంటాయట.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా నెమ్మదిగా వెళ్లి, ఎండ ముదిరాక నరసింహస్వామి దర్శనం చేసుకున్నాం. పొట్టిక్కలు గుడి బయట తిన్నాం. మర్నాడు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూస్తే కూలెంట్ అంచు దాకా ఉంది. దిండి దగ్గర చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా ఇంటికొచ్చాం. ఆ రబ్బరు పైపు, దాని జత పైపు, క్లిప్పులు, రేడియేటర్ మూత అన్నీ ఆ వారంలోనే మార్పించాను.