నడక బండి, నాలుగో ప్రయత్నం: మళ్లీ కుడివైపుకే

పాప తోస్తూ నడవడానికి నేను చేస్తున్న బండి ఈ ఆదివారం కూడా గోడకే వెళ్లింది. పాప పిడి పట్టుకుని అయిదడుగులు చక్కగా వేసింది. ఆరో అడుగులో బండి కుడివైపు తిరిగిపోయింది. వెనకే మోకాళ్ల మీద ఉన్నాను కాబట్టి పడకుండా పట్టుకున్నాను. ఏడ్చింది, ఏడుపు ఆగగానే మళ్లీ పిడి వైపే చేయి చాచింది. నాకు రాత్రంతా అదే ఆలోచన.

పాపకు పది నెలలు నిండాయి. సోఫా పట్టుకుని పక్కకు నడుస్తోంది. పిడి ఎత్తు 42 సెం.మీ. సరిగ్గా కుదిరింది. పట్టుకుని లేవబోతే బండి వెనక్కి ఒరగడం కూడా పోయింది. వెనక ఇరుసును పిడి కన్నా 4 సెం.మీ. వెనక్కి జరిపాను.

తేలనిది చక్రాల సంగతే. టైల్స్ మీద బండి మరీ జోరుగా పోతోందని మొదట రెండు కిలోల బియ్యం సంచి పెట్టాను. కదలడం ఆలస్యమైంది, కదిలాక ఆగడం కూడా ఆలస్యమైంది. అప్పుడు మీటరు పొడవు పలకను ఒక చివర ఎత్తుతూ, బండి ఎప్పుడు దానంతట అది జారుతుందో కొలిచాను. ఉత్త చక్రాలతో 2 సెం.మీ., సంచి పెట్టినా అంతే. చక్రాలకు సైకిల్ ట్యూబు చుడితే 3. పాత చెప్పు తోలుతో వాషర్లు కోసి నట్టు బిగిస్తే 7. జోరు తగ్గింది, పాప తోయగలుగుతోంది.

కానీ పది నిమిషాలకే పక్కకు లాగడం మొదలైంది. చూస్తే కుడి నట్టు బిగుసుకుంది, ఎడమది వదులైంది. బండి ముందుకు పోతుంటే చక్రంతో పాటు తోలు వాషరు నట్టునూ తిప్పుతోంది. ఆ తిప్పు కుడివైపు బిగించేది, ఎడమవైపు విప్పేది. నైలాన్ లాక్ నట్లు వేశాక నట్లు కదలడం లేదు. అయినా చేత్తో తిప్పితే ఎడమ చక్రం రెండు చుట్లు తిరుగుతోంది, కుడిది ముప్పావు చుట్టుకే ఆగుతోంది. కుడి చక్రం అంచు 3 మి.మీ. అటూ ఇటూ ఊగుతోంది. చేతి డ్రిల్లుతో వేసిన రంధ్రం వంకర పోయిందని నా అనుమానం. ఇరుసే వంగిందేమో కూడా చూడాలి. రేపు రెండు చక్రాలూ అటుదిటు మార్చి చూస్తాను. బండి ఎడమకు లాగితే తప్పు చక్రానిదే.

కూర్చోబెట్టే ప్లాస్టిక్ వాకర్ కొనమని ఇంట్లో చెబుతూనే ఉన్నారు. నేను కొనను. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం. పాప తన కాళ్ల మీద తాను నిలబడి తోయాలి.

తప్పు చక్రానిదే అయితే ఈసారి రంధ్రం లేతు (కర్రను గిరగిర తిప్పే యంత్రం) మీదే వేయిస్తాను. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర దొరికితే పిడి కూడా మారుస్తాను. తిరుగుతున్న కర్రకు లక్క నొక్కిపెడితే ఆ రాపిడి వేడికే కరిగి పూతగా అంటుకుంటుంది. పాప పిడిని నోట్లో పెట్టుకుంటుంది కాబట్టి నాకు వార్నిష్ కన్నా అదే నయమనిపిస్తోంది.

ఇప్పుడు పని అంతా డాబా మీదకు మార్చాను. పాప నేల మీది కందిపప్పు బద్దను కూడా బొటనవేలు, చూపుడువేలుతో ఏరుతోంది. నిన్న ఆ వేళ్ల మధ్య వాషరు కనబడింది.