ఏడో టేపు

మన బడి సంచికకు ఏదైనా రాయమని కబురొచ్చినప్పుడు ప్రార్థన గంట గురించో, ఇంటర్వెల్‌లో గేటు దగ్గర కొనుక్కున్న ఉప్పూకారం జామకాయల గురించో రాద్దామనుకున్నాను. కలం పట్టుకుంటే మాత్రం మన తెలుగు సారే కళ్లముందుకు వచ్చారు. 2011లో ఆయన వెంట తిరుగుతూ తెలంగాణ ఉద్యమం మీద మేం ముగ్గురం తీసిన 38 నిమిషాల డాక్యుమెంటరీ గుర్తొచ్చింది. దాని సంగతి మన బ్యాచ్ దాటి ఎవరికీ పెద్దగా తెలియదు. అందుకే రాస్తున్నాను.

మేం 2008 పదో తరగతి బ్యాచ్. హైదరాబాద్‌లో సీతాఫల్‌మండి, వారాసిగూడ, పార్శిగుట్ట గల్లీల పిల్లలం. ఉస్మానియా క్యాంపస్‌లో టియర్ గ్యాస్ పేలిస్తే మా ఇళ్లల్లో కళ్లు మండేవి. 2009 నవంబర్ 29న తెలంగాణ రాష్ట్రం కోసం కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9 రాత్రి రాష్ట్ర ఏర్పాటు మొదలుపెడతామని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన, ఆ రాత్రి గల్లీ అంతా పటాకులు, రెండు వారాలకే 23న ఆ మాట వెనక్కి పోవడం, ఇదంతా మా ఇంటర్ చదువుల మధ్యే జరిగింది. పుస్తకం ముందు పెట్టుకుని చెవులు రోడ్డు మీద వేసేవాళ్లం.

సారు క్లాసు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మేం పరీక్షలో 'పోయిండు' అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవారు కాదు. పక్కన 'వెళ్లాడు' అని రాసి, 'రెండూ తెలుగే, రెండూ నేర్చుకోండి' అనేవారు. మాలో ఒకడి ఇంట్లో 'వెళ్లాడు' అనే మాట్లాడేవాళ్లు. వాళ్ల నాన్న గుంటూరు నుంచి వచ్చి మన బడి దగ్గర్లో కర్రీ పాయింట్ పెట్టుకున్నారు. వాడి నోట్సులో సారు 'పోయిండు' అని రాసేవారు. అప్పట్లో సినిమాల్లో మా మాట రౌడీలకో, నవ్వించేవాళ్లకో తప్ప హీరోకి దక్కేది కాదు. మా భాషకు మార్కులు వేసిన మొదటి మనిషి ఆయనే.

తెలంగాణ విషయం మీద కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక 2011 జనవరి 6న బయటికొచ్చింది. అందులో ఆరు మార్గాలు చెప్పారు. ఆ వారంలోనే సారు రోడ్డు మీద కనిపించి, 'ఢిల్లీ నుంచి వచ్చినోళ్లు వాళ్లు చూసింది రాసుకున్నరు. మనం గూడ మనది రాసుకోవాలె గద బిడ్డా. ఇప్పుడు రాసేటోడికన్న తీసేటోడే ఎక్కువమందికి చేరుతడు' అన్నారు. మా ముగ్గురిలో కెమెరా ఉన్నది ఆ కర్రీ పాయింట్ వాళ్లబ్బాయికే. చిన్న మినీ డీవీ హ్యాండీక్యామ్. రెండోవాడి నాన్నకు పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే స్టూడియో ఉంది. నాకు రాయడం వచ్చు, గొంతు ఉంది. అంతే, పని మొదలైంది.

మా ఉద్దేశంలో దాపరికం లేదు. అది ఉద్యమం కోసం తీసిన సినిమా. చూసినవాళ్లు మాతో కలవాలనే తీశాం. నీళ్లు, నిధులు, నియామకాలు అనే మూడు మాటల చుట్టూ అల్లాలని ముందే అనుకున్నాం. సారు మొదట మమ్మల్ని గన్‌పార్కుకు తీసుకుపోయారు. ఎక్కా యాదగిరిరావు గారు చెక్కిన అమరవీరుల స్తూపం ముందు నిలబడి 1969 తెలంగాణ ఉద్యమం సంగతి చెప్పారు. అప్పుడు ఆయన తొమ్మిదో తరగతి. పక్కింటి అన్న ఊరేగింపుకు సైకిల్ మీద పోయాడట. కాల్పులు జరిగాయట. 'అన్న రాలె. సైకిల్ మాత్రం మూడు దినాలకు ఎవరో తెచ్చి గోడకు ఆనిచ్చి పోయిండ్రు' అన్నారు. ఆ మాట చెబుతూ గాల్లో హ్యాండిల్ పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు పెట్టారు. చెప్పడం అయిపోయాక కూడా ఆ చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. కెమెరావాడు ఆపలేదు. ఆ టేపు మీద వాడు '7' అని రాశాడు.

జూన్ 19న నగరమంతా నిరసనగా రోడ్ల మీద వంటావార్పు. మా వైపు కూడా నడిరోడ్డు మీద రాళ్లపొయ్యిలు పెట్టారు. ఒక అవ్వ పెద్ద గిన్నె ముందు కూర్చుని ఉంది. కెమెరా దగ్గరికి తెస్తే, 'నా మొకమేం తీస్తవ్ బిడ్డా, గిన్నె తియ్యి. ఇంతమంది కోసం వండిన అని చూపెట్టు' అంది. గరిటెతో నాలుగు మెతుకులు తీసి, ఒక మెతుకును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, ఇంకా పలుకుందని మూత పెట్టింది. వేళ్లకు పసుపు, ముంగిట పొగ, వెనక నినాదాలు. సినిమా మొత్తంలో అంత బలమైన షాట్ ఇంకొకటి లేదని ఇప్పటికీ నమ్ముతాను. ఉద్యమం అంటే ఏంటని నన్నడిగితే ముందు ఆ మెతుకే చెబుతాను, ఉపన్యాసాలు తర్వాత.

కానీ అంతకు ముందే, మార్చి 10న, ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్‌లో మాకు వేరే దృశ్యం దొరికింది. ఎన్ని బారికేడ్లు పెట్టినా జనం వచ్చేశారు. మధ్యాహ్నం దాటాక విగ్రహాలు కూలడం మొదలైంది. శ్రీశ్రీ, అన్నమయ్య, జాషువా. కెమెరావాడు వణుకుతూనే తీశాడు. జాషువా వాళ్ల గుంటూరు జిల్లా కవి. ఆయన పద్యాలు మాకు నేర్పింది సారే.

ఆ టేపు చూడటానికి సారు స్టూడియోకు వచ్చారు. మాలో స్టూడియోవాడు ముందే అన్నాడు, 'సార్, ఇది పెడితే మనకే చెడ్డపేరు. తీసేద్దాం.' సారు ఏం మాట్లాడలేదు. రెండోసారి వేయమన్నారు. జాషువా విగ్రహం వచ్చేసరికి కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. 'ఆ కట్ట మీద మన తెలంగాణోళ్ల విగ్రహాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నయి. ఆ కోపం నిజమే. కోపం ఎందుకొచ్చిందో పెట్టుండ్రి. కానీ జాషువా ఎవలకు అన్యాయం జేసిండు? ఆయనే అంటరానితనం మీద కొట్లాడిన మనిషి. జరిగింది జరిగినట్టు పెట్టుండ్రి. మనం తీసేస్తే రేపు ఇంకెవడో అదొక్కటే చూపిస్తడు. అప్పుడు మనం చెప్పిన మిగతాదంతా అబద్ధమైతది.'

పెట్టాం. 50 సెకండ్లు. దాని మీద నా మాటలేవీ లేవు. ఆ రోజు ట్యాంక్‌బండ్ మీద వినిపించిన చప్పుడే ఉంచాం.

ఇంకో గొడవ నా వల్లే వచ్చింది. నా వ్యాఖ్యానంలో 'వాళ్లు మన ఉద్యోగాలు తీసుకున్నారు' అని రాశాను. రికార్డింగ్ అవుతుంటే కెమెరావాడు హెడ్‌ఫోన్స్ తీసి, 'ఈ వాళ్లలో మా నాన్న ఉన్నాడా?' అన్నాడు. కోపంగా అనలేదు. 'పొద్దున్న నాలుగింటికి లేచి కూరలు వండుతాడు. ఎవరి ఉద్యోగం తీసుకున్నాడు?' అని మాత్రం అడిగాడు. వాళ్ల కర్రీ పాయింట్ కూర మా ఇంట్లో వారానికి రెండుసార్లయినా తినేవాళ్లం. నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

మరుసటి రోజు సారు దగ్గర కూర్చుని ఆ భాగమంతా తిరగరాశాను. ఆంధ్ర, తెలంగాణ కలిసే ముందు, 1956 ఫిబ్రవరిలో, రెండు వైపుల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. అందులో రాసుకున్న రక్షణలు అమలు కాలేదు. 1969లో అంత ఉద్యమం నడిచింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి 10 స్థానాలు గెలిచినా రాష్ట్రం రాలేదు. స్థానికేతరులను వాళ్ల జోన్లకు పంపాలని 1985 డిసెంబర్‌లో 610 జీవో ఇచ్చారు, అదీ ఏళ్ల తరబడి కాగితాల్లోనే ఉండిపోయింది. రాస్తూ పోతే 'వాళ్లు' అన్న చోటల్లా 'ప్రభుత్వాలు' అనే మాట సరిగ్గా కూర్చుంది. సారు చదివి, 'ఇప్పుడు సూటిగ తగులుతది' అన్నారు. కెమెరావాడు మాట్లాడకుండా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. సినిమా చివర్లో పేర్లు పడేటప్పుడు 'కెమెరా' పక్కన వాడి పేరు ఉంది. వాళ్ల బంధువులు ఏమన్నారో వాడు మాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు, అడగాల్సింది.

ఉద్యమం కోసం ప్రాణాలు తీసుకున్న పిల్లల విషయంలో సారు చాలా గట్టిగా ఉన్నారు. వాళ్ల చావులు ఎక్కడా చూపించొద్దన్నారు, వాటిని వీరత్వంగా పొగడొద్దన్నారు. ఒక తల్లి కొడుకు పుస్తకాల సంచి సర్దుతున్న షాట్ మాత్రం ఉంచాం. 'బతికి కొట్లాడాలె' అన్న సారు మాటతో ఆ భాగం అయిపోతుంది.

సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు నడిచింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు ఆగాయి, టీచర్లూ దిగారు. సారు సమ్మెలో, మేం స్టూడియోలో. గంట టేపును కంప్యూటర్లోకి ఎక్కించాలంటే గంటా పట్టేది. సింగరేణి కార్మికులు గనుల్లోకి దిగకపోవడంతో బొగ్గు తగ్గి, కరెంటు కోతలు మొదలయ్యాయి. 50 నిమిషాలు ఎక్కాక కరెంటు పోతే మళ్లీ మొదటికి. యూపీఎస్ కుయ్యోమంటుంటే మాకు ఒకటే టెన్షన్. దీక్షా శిబిరం నుంచి సారు వచ్చి చీకట్లో కూర్చుని, 'ఆగనీ. వాళ్లు ఆపితేనే గద ఆగింది. మన సిన్మాల ఉన్నోళ్లే ఆపిండ్రు' అన్నారు. ఆ చీకట్లో మాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

సమ్మె ముగిశాక నవంబర్‌లో మొదటి ప్రదర్శన. మన బడి గ్రౌండ్‌లోనే వేయాలని మా కోరిక. అనుమతి అడిగితే బడిలో రాజకీయాలు వద్దన్నారు. అప్పుడు చాలా బాధపడ్డాం. చివరికి వెనక గల్లీలో, మన బడి ప్రహరీకి బయటివైపు సున్నం కొట్టి, అద్దె ప్రొజెక్టర్‌తో గోడ మీదే వేశాం. లోపలి వేపచెట్టు కొమ్మ నీడ బొమ్మ మీద ఊగుతూనే ఉంది. జనం మెట్ల మీద, స్కూటర్ల మీద, మిద్దెల మీద కూర్చున్నారు. విగ్రహాలు కూలుతున్నప్పుడు మొదట ఎవరో ఈల వేశారు. తర్వాత ఎవరూ వేయలేదు. కర్రీ పాయింట్ అంకుల్ షాపు మూసి వచ్చి చివరిదాకా నిలబడే చూశారు. పోతూ పోతూ సారుకు దండం పెట్టారు. వంటావార్పు అవ్వ కూడా వచ్చింది. తెర మీద తన వేళ్లు మెతుకు నలుపుతుంటే పక్కనున్నామె చెయ్యి పట్టుకుని, 'అగో, ఇంక ఉడకలె' అంది.

తర్వాత డీవీడీలు చాలా శిబిరాలకు పోయాయి. ఎవరు ఎవరికి ఇచ్చారో లెక్క లేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు పాసైన సాయంత్రం సారు ఫోన్ చేసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కాసేపు లైన్లోనే ఉన్నారు. నేనూ అలాగే ఉన్నాను.

ఇప్పుడు నా దగ్గర పది టేపులున్నాయి. మొత్తం పదకొండు. ఏడోది లేదు. స్టూడియో మారినప్పుడు ఎక్కడో పోయింది. నా దగ్గర మిగిలిన ఒక్క డీవీడీ గీతలు పడి, సరిగ్గా గన్‌పార్కు భాగంలో ఆగిపోతోంది. మనవాళ్లలో ఎవరింట్లోనైనా పాత సీడీల డబ్బాలో తెల్ల కవర్, దాని మీద నీలి స్కెచ్ పెన్నుతో 'మన మాట' అని రాసి ఉన్న డీవీడీ ఉంటే దయచేసి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి తీసుకురండి. కెమెరావాడు ఆ రోజు పుణె నుంచి వస్తున్నాడు. సారు కూడా వస్తానన్నారు. ఈసారి గ్రౌండ్‌లో వేసుకోవడానికి అనుమతి దొరికింది. ప్రొజెక్టర్ నేను తెస్తాను.