సపాటా చేతికొచ్చిన ఊరి పత్రాలు

బెంగళూరు శివార్లలో సర్జాపూర్ వైపు సైటు కొనే మన తెలుగువాళ్ళు ఈసీ (భూమి మీద అప్పులూ లావాదేవీలూ చూపే పత్రం), మదర్ డీడ్ (మూల దస్తావేజు), ఆర్‌టీసీ (కర్ణాటక పహాణీ) అంటూ కాగితాల కట్టతో లాయర్ల చుట్టూ తిరుగుతుంటారు. కాగితం ఒకరి దగ్గర, స్వాధీనం ఇంకొకరిదైతే ఎంత నరకమో బెంగళూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. మెక్సికో విప్లవ సేనాని ఎమిలియానో సపాటా పోరాటమంతా ఈ చిక్కుముడి మీదే. టీషర్టుల మీద కనిపించే ఆయన మీసాల బొమ్మలో ఆ సంగతి కనపడదు.

1909 సెప్టెంబరులో మోరెలోస్ రాష్ట్రంలోని అనెనెకుయిల్కో ఊరు ముప్పై ఏళ్ళ సపాటాను ఊరిపెద్దగా ఎన్నుకుంది. పాత పెద్దలు స్పెయిన్ వలసపాలన నాటి పట్టాలు, పటాలు ఆయన చేతిలో పెట్టారు. అందులో నావాట్ల్ అనే ఆదివాసీ భాష మాటలు అర్థం కాక, టెటెల్సింగో అనే ఊరికి మనిషిని పంపి చదివించారు. కాగితాలైతే ఉన్నాయి, పొలాలూ నీళ్ళూ మాత్రం చెరుకు ఎస్టేట్ల గుప్పిట్లో ఉన్నాయి.

అందుకే 1911 నవంబరులో సపాటా ప్రకటించిన విప్లవ కార్యక్రమం, అయాలా ప్రణాళికలో ఆరో అధికరణమే నాకు గుండెకాయలా కనిపిస్తుంది. పట్టాలున్న ఊళ్ళు ముందు పొలంలో దిగాలి. ఆ భూమి తనదనే దొర విప్లవం గెలిచాక ప్రత్యేక ట్రిబ్యునల్‌కి వెళ్ళి రుజువు చేసుకోవాలి. అంతవరకూ రైతు నెత్తినున్న రుజువు భారం దొర నెత్తికెక్కింది! పట్టాల్లేని వాళ్ళకి ఏడో అధికరణం: పెద్ద ఎస్టేట్లలో మూడో వంతు, ముందుగా పరిహారం కట్టి తీసుకోవాలి. ఎదిరించిన దొరకి మిగతా రెండు వంతులూ పోతాయి.

1915లో ఊళ్ళ సరిహద్దులు కొలవడానికి వ్యవసాయ కళాశాల కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళకి తిన్నటి గీత సులువు. కానీ ఊళ్ళు సరిహద్దుగా ఎంచేది వంకరటింకర రాతిగోడని. ఆరు నెలలు పట్టినా సరే, గోడ ప్రతి మలుపూ కొలవాల్సిందేనన్నాడు సపాటా.

సైన్యం దగ్గరే దెబ్బతిన్నాడు. సైనికులంతా రైతులు, నాట్ల వేళకి ఊళ్ళకి పోయేవారు. మోరెలోస్‌కి రేవూ లేదు, అమెరికా సరిహద్దూ లేదు, కాబట్టి తూటాలు కొని తెచ్చుకునే దారి లేదు. డబ్బొచ్చేలా మిల్లుల కోసం చెరుకు వేయమని ఆయన చెప్పినా, జనం కడుపు నింపే మొక్కజొన్నా చిక్కుళ్ళే వేశారు.

1919 ఏప్రిల్ 10న మోరెలోస్‌లోని చినామెకాలో, సపాటా వైపు చేరతానని నమ్మించిన ప్రభుత్వ సైన్యపు కర్నల్ గుఆహార్దో ఆయన్ని కాల్పించాడు. ఊరుమ్మడి భూములకి 1917 రాజ్యాంగం 27వ అధికరణం చోటిచ్చింది. 1934-40 మధ్య అధ్యక్షుడు కార్దెనాస్ దాదాపు 1.8 కోట్ల హెక్టార్లు పంచాడు. ఆ అధికరణానికి 1992లో చేసిన సవరణతో పంపకం ఆగింది. 1994 జనవరి 1న దక్షిణ మెక్సికోలోని చియాపాస్ రాష్ట్రంలో తిరగబడిన ఆదివాసీలు తమ సేనకి సపాటా పేరే పెట్టుకున్నారు.